తలుపులు ఊడదీసిన ఎండాకాలం

ఆ ఎండాకాలం నేను పుట్టింటికి పోయేసరికి మా వీధిలో నాలుగిళ్ళకు తలుపులు లేవు. తలుపులే కాదు, ద్వారబంధాలు కూడా లేవు. గోడలో మనిషెత్తు బొక్క, దాని చుట్టూ రాలిపడిన మట్టి. రెండిళ్ళకు గోనెపట్టాలు వేలాడదీశారు. ఒక ఇంటికి తుమ్మకంప అడ్డం పెట్టారు. నాలుగో ఇంట్లోకి చూస్తే వీధిలోనుంచే పొయ్యి దాకా కనిపించింది. పొయ్యిలోని చల్లటి బూడిదలో ఒక కుక్క ముడుచుకుని పడుకుని ఉంది.

ఆ నాలుగూ మా నాయన చేసిన తలుపులే. వాటిని ఊడదీసింది కూడా ఆయనేనని నాకు అప్పటికి తెలియదు.

అరవైల నడిమి రోజులవి. నాకు ఇరవై నాలుగేళ్ళు ఉంటాయి. పెళ్ళయి ఆదోనిలో ఉండేదాన్ని. మా ఆయన అక్కడ ఒక పత్తి మిల్లులో ఫిట్టరు. అమ్మకు చదువు రాదు కాబట్టి ఎప్పుడైనా పోస్టుకార్డు రాయించాలంటే బడి అయ్యవారి దగ్గరికి పోయేది. ఆ నెలలో వచ్చిన కార్డులో మూడే మాటలు ఉన్నాయి. నాయన మాట్లాడటం మానేశాడు, ఒంట్లో జబ్బేమీ లేదు, ఒకసారి వచ్చిపొమ్మని. నేను ఆ కార్డును రెండు మూడుసార్లు తిప్పి చూశాను, ఇంకేమైనా ఉందేమోనని. మా ఆయన ఎనిమిది రోజులు ఉండి రమ్మన్నాడు. నాలుగు శేర్ల బియ్యం, కాస్త బెల్లం మూటగట్టుకుని గుత్తి దాకా రైల్లో, అక్కడినుంచి పామిడి దాకా బస్సులో వచ్చి, పెన్న దాటి ఊరికి నడిచాను. పెన్న అంటే నీళ్ళు కాదు, అరమైలు ఇసుక. ఇసుకలో అక్కడక్కడా ఆడవాళ్ళు చెలమలు తవ్వుకుని, నీరు ఊరేదాకా వాటి పక్కనే కూర్చుని ఉన్నారు.

నాయన మాట్లాడకపోవడమంటే మామూలు సంగతి కాదు. ఆయన వడ్రంగి. ఊరంతా ఆచారీ అని పిలిచేది. నాగళ్ళు, గొర్రులు, బండిచక్రాలు అన్నీ ఆయన చేతిమీదుగానే పోయేవి. పంట నూర్చినప్పుడు ప్రతి రైతూ కళ్ళంలోనే మా వంతు గింజలు కొలిచేవాడు. యాభైల్లో వరసగా రెండు మూడేళ్ళు వేరుశెనగ బాగా పండినప్పుడు చాలామంది మట్టిమిద్దెలు కట్టుకున్నారు. అప్పుడే నాయన ఊరంతటికీ తలుపులు చేశాడు. నాకంటే ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారట. నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి తొమ్మిదో యేటినుంచే పెద్ద రంపానికి అవతలి కొస పట్టుకుని లాగేదాన్ని. పని చేస్తున్నంతసేపూ నాయన నోరు ఆగేది కాదు. ఏ మానులో పగులు ఎట్లా పోతుందో, ఏ ఊళ్ళో ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగి పోయారో, ఆకాశంలో చుక్కలు ఎందుకు రాలతాయో, అన్నీ చెప్పేవాడు. పనిలేని ముసలివాళ్ళు ఆ మాటలు వినడానికే వచ్చి చెక్కపొట్టు మీద కూర్చునేవాళ్ళు.

మా ఇంటి ఎదురింట్లో ఒక అత్త ఉండేది. చుట్టరికం ఏమీ లేదు, వరస పిలుపు అంతే. నేను ఎప్పుడు ఊరికి వచ్చినా నాకంటే ముందు నా మూట లాక్కుని మా ఇంట్లోకి మోసుకొచ్చేది. ఆ రోజు నన్ను చూసి లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది. నన్ను చూసి ఏడవలేదు, కూర్చోమని చెప్పి చెంబుతో సగం నీళ్ళు ఇచ్చింది. ఆ సగం నీళ్ళనుబట్టే ఊరు ఎట్లా ఉందో అర్థమైంది. తరువాత ఒక్కొక్కటిగా చెప్పింది.

రెండేళ్ళుగా వాన లేదు. జనం విత్తనానికి దాచుకున్న కాయలు కూడా తినేశారు. ఎద్దులను సంతకు తోలుకుపోతే కొనేవాళ్ళు లేక, కొందరు దారిలోనే పలుపు విప్పేసి వచ్చారు. ఎద్దులు లేనప్పుడు నాగలి ఎవరికి కావాలి? నాయనకు పని పోయింది. ఉగాది దాటాక జనం బళ్ళారి వైపు, తుంగభద్ర కాలువ కింద పనులకు వలసపోవడం మొదలుపెట్టారు. పోయేముందు అమ్ముకోవడానికి ఏమైనా మిగిలిందంటే అది ఇంటి కొయ్యే. పాత కొయ్య కొనే సావుకారు ఒకడు సంతరోజున లారీ పంపేవాడు. పక్క వీధి రైతు ఒకడు తన తలుపు తానే గడ్డపారతో పెళ్ళగించుకున్నాడు. ద్వారబంధం నిలువునా చీలింది. చీలిన కొయ్య తనకు వద్దని లారీవాడు పోయాడు. ఆ తరువాతి రైతు ఆ తప్పు చేయదలచుకోలేదు. నేరుగా మా ఇంటికి వచ్చాడు.

నాయన చేయనన్నాడు. ఆ రైతు తన పెళ్ళాన్ని పంపాడు. ఆమె పొద్దుననుంచి మాపటిదాకా మా అరుగుమీద కూర్చుంది. ఏమీ అడగలేదట, ఊరికే కూర్చుందట. దీపాలు పెట్టే వేళకు నాయన ఉలీ సుత్తీ సంచిలో వేసుకుని లేచాడు.

"అది మొదులు. ఆపొద్దు నుంచి మాట తగ్గిపాయ," అంది అమ్మ. "వాళ్ళే పిల్చుకపోతారు. తీసినంక వాళ్ళే మొగం తిప్పుకుంటారు. ఎదురింటామె తమ్ముని ఇంటి వాకిలి కూడా తీసినాడు గదా, ఇంగ ఆమె మన గడప తొక్కడంల్యా."

అందుకు నాయన చేతికూలి కూడా ముట్టలేదని చెప్పింది. మరి ఏం తింటున్నారని అడిగాను. బడి దగ్గర గవర్నమెంటు గంజి పోస్తోందట. అమ్మ ముంత తీసుకుపోయి తెస్తోందట. కళ్ళంలో వంతు గింజలు తీసుకున్న ఇల్లు మాది. అమ్మ ఈ మాట చెప్పేటప్పుడు నా మొహం చూడకుండా నేను తెచ్చిన బియ్యం మూట ముడి విప్పుతూ ఉంది.

నాయన మధ్యాహ్నం వచ్చాడు. చిక్కిపోయాడు, అయినా నడక అదే. నన్ను చూసి గుమ్మంలో ఆగాడు. నవ్వబోయినట్టే అనిపించింది. భుజంమీది తువ్వాలు తీసి నా పక్కన నేలను దులిపి కూర్చున్నాడు. ఎప్పుడొచ్చావని అడుగుతాడేమో అని చూశాను. అడగలేదు. నేనే ఆదోని సంగతులు చెప్పుకుంటూ పోయాను. మిల్లులో కొయ్యపని ఉంటుందనీ, మా ఆయన మాట్లాడతాడనీ, ఇద్దరూ నా వెంట రావాలనీ అన్నాను. ఆయన వింటున్నాడు, ఉలి అంచును బొటనవేలితో చూసుకుంటున్నాడు. నా మాటలు అయిపోయాక లేచి పెరట్లోకి పోయాడు.

రెండో రోజూ అంతే. నాకు భయం పోయి కోపం వచ్చింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ రోజు నాకు వచ్చింది కోపమే. పట్నం నుంచి వచ్చిన కూతుర్ని, బియ్యం తెచ్చినదాన్ని, నాతోనైనా మాట్లాడడా అని.

మూడో రోజు నా స్నేహితురాలు వచ్చింది. ఇద్దరిదీ ఒకే ఈడు. రైతుల పిల్ల, ఊళ్ళోనే మేనమామ కొడుక్కి ఇచ్చారు. తండ్రి పోయాక తల్లికి వేరే దిక్కు లేక మొగుడితో సహా పుట్టింట్లోనే ఉంటోంది. ఆ తల్లిని నేను పెద్దమ్మా అనేదాన్ని. చిన్నప్పుడు వాళ్ళింట్లో తిన్న జొన్నరొట్టెలకు లెక్కలేదు. అంతకుముందు యేడు పెద్దమ్మ బావి గట్టున పడి తుంటి విరిగింది. అప్పటినుంచి లేచి నడవలేదు, చేతులమీద జరుగుతుంది. స్నేహితురాలి మొగుడు నాలుగు నెలల కిందట బళ్ళారి వైపు పోయాడు. మొదట ఒక కార్డు వచ్చింది, తరువాత ఏమీ లేదు.

ఆమె చంకలో ఐదేళ్ళ కూతురు ఉంది. ఐదేళ్ళ పిల్లను ఎవరూ చంకనెత్తుకోరు. ఆ పిల్ల నడిచే స్థితిలో లేదు. జుట్టు రాగిరంగుకు తిరిగింది, కడుపు ముందుకు వచ్చింది. నన్ను చూసి నవ్వలేదు, ఏడవలేదు.

"రేపు లారీ వస్తాది. నా వాకిలి తీయమని మీ నాయనతో చెప్పు," అంది స్నేహితురాలు.

నాయన అక్కడే, నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. తనతోనే చెప్పొచ్చు కదా అన్నాను. చెప్పిందట, మూడుసార్లు. ఆయన తల అడ్డంగా ఊపాడట. మిగిలిన అందరికీ తీసి తనకొక్కదానికే ఎందుకు తీయడో తెలియడం లేదని చెప్పి, అప్పుడు ఏడ్చింది. పిల్లను తీసుకుని మొగుణ్ణి వెతుక్కుంటూ పోతుందట. కాలువ కింద కలుపు పనికైనా పోతుందట. ఇక్కడే ఉంటే ఈ పిల్ల వచ్చే నెల చూడదు అంది.

నేను నాయన ముందుకు పోయి కూర్చున్నాను. ఏం మాట్లాడానో అంతా గుర్తులేదు. గట్టిగానే మాట్లాడాను. తీయనంటే అందరికీ తీయనని ఉండాల్సింది, ఒకరికి తీసి ఒకరికి తీయకపోవడం ఏమి న్యాయం, ఆ పిల్లను చూడు అని. నా మాటల్లో స్నేహితురాలి బాధ ఎంతో, ఎట్లాగైనా ఈయన నోరు తెరిపించాలన్న పట్టుదల అంతే ఉంది.

నాయన నోరు తెరిచాడు.

"ఆ ముసలామె యాడ పండుకుంటాది?"

అది ఒక్కటే అడిగాడు. ఎన్నాళ్ళుగానో వాడని గొంతు కాబట్టి సగం గాలిలాగా వచ్చింది. నేను స్నేహితురాలివైపు తిరిగాను. పెద్దమ్మకు ఒక చెల్లెలు ఉంది, రెండు కోసుల దూరంలో వేరే ఊళ్ళో. ఆ చిన్నమ్మ రేపు సాయంత్రానికి వచ్చి తీసుకుపోతుంది, మాట అయిపోయింది అని స్నేహితురాలు చెప్పింది. నేను ఆ మాటను అట్లాగే నాయనకు అందించాను, నేనే వెళ్ళి విని వచ్చినట్టు.

ఆయన నా మొహం చాలాసేపు చూశాడు. తరువాత సంచి దగ్గరికి జరుపుకున్నాడు.

మరుసటి రోజు పొద్దున్నే పోయాం. అవతలి కొయ్య పట్టుకోవడానికి మనిషి కావాలి, ఎవరూ రారు, నేనే పోయాను. ఆ తలుపు నాకు బాగా గుర్తు. నేను పదేళ్ళపిల్లగా ఉన్నప్పుడు కొండకింది నుంచి బండిమీద తెచ్చిన వేపమాను అది, కోయడానికి మాకు ఆరు రోజులు పట్టింది. ఊళ్ళో అంత వెడల్పు వాకిలి ఇంకొకటి లేదు. పెద్దమ్మ మొగుడు బతికి ఉన్నప్పుడు కాయల మూటలు ఎత్తుకున్న మనిషి నేరుగా లోపలికి పోవాలని అట్లా అడిగి చేయించుకున్నాడు.

నాయన ముందు రెండు రెక్కలూ గడప గుంటల్లోనుంచి ఎత్తి గోడకు ఆనించాడు. తరువాత ద్వారబంధం చుట్టూ మట్టిని ఉలితో గీసుకుంటూ వచ్చాడు. గడ్డపార పెట్టలేదు. తాను దిగ్గొట్టిన కొయ్యచీలలు తానే వెతికి ఒక్కొక్కటీ వెనక్కి కొట్టాడు. దేనికి ఎన్ని దెబ్బలు కావాలో చేతికి తెలుసు. నేను నిలువుకొయ్యను కావలించుకుని నిలబడ్డాను. స్నేహితురాలు పిల్లను ఎత్తుకుని వీధిలో, మాకు వీపు పెట్టి నిలబడింది. పెద్దమ్మ లోపల గోడవారగా చాపమీద కూర్చుని అంతా చూస్తూ ఉంది.

పైకొయ్య కదిలినప్పుడు దానికీ గోడకూ మధ్యనుంచి ఒక చిన్న గుడ్డమూట రాలి గడపమీద పడింది. ద్వారబంధం నిలిపేనాడు పసుపుగుడ్డలో నవధాన్యాలు కట్టి పైన పెడతారు. నాయన అది తీసి, ఊది మట్టి పోగొట్టి, లోపలికి పోయి రెండు చేతులతో పెద్దమ్మకు అందించాడు. ఆమె ముడి విప్పింది. లోపల గింజలు లేవు. పురుగు తిని వదిలిన పొట్టు, బూడిదలాగా. ఆమె దాన్ని వేళ్ళతో అటూ ఇటూ కదిపి చూసింది. తరువాత నాయనను చూసి, తిట్టినట్టు కాకుండా, ఇంటికి వచ్చిన మనిషిని అడిగినట్టే అడిగింది.

"వాకిలి నిలిపిన పొద్దు నీకు పంచెల జత పెట్టింటిమి ఆచారీ. తీసిన పొద్దు ఏం పెడతారు?"

నాయన అక్కడే నేలమీద కూర్చున్నాడు. చేతిలో సుత్తి ఉంది. నేను వీధి వైపు చూశాను. స్నేహితురాలు ఈ మాట విని ఉంటుంది, వీపు కదిలింది గానీ ఇటు తిరగలేదు. కాసేపటికి పెద్దమ్మే అంది, "లెయ్యి నాయనా. లారీ వస్తాది."

మిట్టమధ్యాహ్నం లారీ వచ్చింది. బళ్ళారి దాకా ఎక్కించుకుంటానని డ్రైవరు ఒప్పుకున్నాడు. స్నేహితురాలు లోపలికి పోయి తల్లి దగ్గర కూర్చుంది. వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. బయటికి వచ్చి పిల్లను నాకిచ్చి, చక్రంమీద కాలుపెట్టి పైకెక్కి, మళ్ళీ పిల్లను అందుకుంది. లారీలో పడుకోబెట్టిన తలుపులమీద, అన్నింటికంటే పైన ఉన్న తన తలుపుమీదనే, పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సాయంత్రానికి చిన్నమ్మ వస్తుందని నాకు ఇంకోసారి చెప్పింది. పిల్ల ఎండకు కళ్ళు మూసుకుంది.

సాయంత్రం చిన్నమ్మ రాలేదు. ఆ రాత్రి నేనూ అమ్మా పెద్దమ్మ దగ్గరే పడుకున్నాం. పొద్దున్నే లేచి ఆ ఊరికి నడిచాను. చిన్నమ్మ ఇంటిముందు చెట్టుకింద కూర్చుని చింతగింజలు కొట్టుకుంటోంది. నేను వచ్చిన పని చెప్తే, సుత్తిరాయి పక్కన పెట్టి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నేనెప్పుడు వస్తా అంటి? నెల్లాళ్ళాయ దాని మొగం చూసి. మేమే నలుగురం గెంజికి పోతాండాం. నడిచే మనిషైతే ఏమోలే. ఎత్తుకోని తిప్పేదానికి నా దగ్గర ఎవురుండారు?"

ఎండలో రెండు కోసులు వెనక్కి నడిచాను. స్నేహితురాలు అబద్ధం చెప్పిందా, లేక చిన్నమ్మ వస్తుందని తనకు తాను చెప్పుకుని నమ్మిందా అని దారిపొడవునా ఆలోచించాను. నాయనకు తెలుసు. అందుకే మూడుసార్లు తల ఊపాడు. ఆ తల్లిని తీసుకుపోయేవాళ్ళు ఎవరూ లేరని తెలిసే ఆ ఒక్క తలుపు ముట్టనన్నాడు. ఆయన్ను అడిగేనాటికి నేను ఆదోని నుంచి వచ్చి మూడు రోజులు, అంతే.

పెద్దమ్మను మా ఇంటికి తీసుకుపోతామన్నాం. అమ్మ బతిమాలింది. ఆమె వినలేదు. కూతురు తిరిగి వస్తే ఖాళీ ఇల్లు చూసి ఏమనుకుంటుంది అంది. అది సాకు మాత్రమే. మా ఇంట్లో ఉన్న గంజి ఎంతో ఆమెకు తెలుసు. అప్పటికి వీధికుక్కలు తిండిలేక తలుపులేని ఇళ్ళల్లోకి దూరి ఏది దొరికితే అది లాక్కుపోతున్నాయి. నేను నాయనతో, మన తలుపు ఊడదీసి అక్కడ పెడదామన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు నిజంగా అదొక దారి అనిపించింది.

"కొలత కుదరదు," అన్నాడు. ఆ వాకిలికీ మా వాకిలికీ జానెడు పైన తేడా. కొయ్య ఎక్కడా లేదు. ఏటి ఒడ్డున మిగిలిన ఈతమట్టలు కోసుకొచ్చి ఒక తడిక అల్లాడు. జన్మంతా కొయ్య తప్ప ముట్టని చేతులతో అల్లింది కాబట్టి అది సరిగా నిలవలేదు. గాలి వచ్చినప్పుడల్లా పడేది, కుక్క తోసినా పడేది. అందువల్ల నాయన పగలంతా పోయి ఆ వాకిట్లో కూర్చునేవాడు. లోపల పెద్దమ్మ, బయట ఆయన. నేను గంజి తీసుకుపోయినప్పుడు చూసేదాన్ని. నేను పోస్తే ఆమె రెండు గుక్కలు తాగి, చాలంటూ ముంతను ఆయనవైపు తోసేది. ఆయన తాగేవాడు కాదు. అది మళ్ళీ నేనే మోసుకొచ్చేదాన్ని.

ఎనిమిది రోజులు అయిపోయాయి. ఇంకో నాలుగు రోజులు ఉంటానని మా ఆయనకు కార్డు రాయవచ్చు. రాయలేదు. ఆ ఇంట్లో, ఆ వీధిలో ఇంకొక రోజు ఉండే ధైర్యం నాకు లేదు. తెచ్చిన బియ్యంలో మిగిలిన రెండు గుప్పెళ్ళు పెద్దమ్మకు వండిపెట్టమని అమ్మకు చెప్పి బయలుదేరాను. నా వెంట వస్తారా అని మళ్ళీ అడిగాను గానీ, ఆ ముసలామెను వదిలి రారని తెలిసే అడిగాను.

నాయన పామిడి దాకా వచ్చాడు. పెన్న ఇసుకలో నా చెప్పులు దిగబడుతుంటే మూట ఆయన తీసుకున్నాడు. బస్సు ఇంకా రాలేదు. రోడ్డుపక్కన నిలబడ్డాం. అప్పుడు మాట్లాడాడు, రోడ్డు చూస్తూనే.

"నువ్వు అడగకపోయింటే నేను తీసేటోణ్ణి కాదు పాపా."

నేను మూట కోసం చెయ్యి చాపాను. ఆయన ఇవ్వకుండా మళ్ళీ అన్నాడు.

"తప్పు అని అనడంల్యా. పిల్లది బతకల్ల గదా. చెప్తాండా, అంతే."

బస్సు వచ్చింది. మూట లోపల పెట్టి, నా తలమీద చెయ్యి పెట్టి తీశాడు. బస్సు కదిలేదాకా కూడా ఆగలేదు. వెనక్కి తిరిగి ఏటివైపు నడిచిపోవడం కిటికీలోనుంచి కనిపించింది. త్వరగా నడుస్తున్నాడు, అక్కడ కూర్చోవాల్సిన వేళ దాటిపోతోంది కాబట్టి.

మూడు వారాలకు అయ్యవారి చేత రాయించిన కార్డు వచ్చింది. పెద్దమ్మ పోయిందని ఉంది. వివరం తరువాతెప్పుడో అమ్మ నోట విన్నాను. చివరి రోజుల్లో ఆమె గంజి కూడా వద్దనేదట. మాపటికి నాయన ఇంటికి వచ్చిన తరువాత, చేతులమీద జరుగుకుంటూ వచ్చి వాకిట్లో గడప ఉండిన చోట అడ్డంగా కూర్చునేదట. ఎందుకమ్మా లోపల పడుకోరాదా అంటే, ఎవరో ఒకరు ఉండాలి కదా అనేదట. ఒక పొద్దున నాయన పోయేసరికి అక్కడే గోడకు ఆనుకుని ఉందట. కదిపి చూస్తేగానీ తెలియలేదట.

పాడె కట్టడానికి కూడా ఊళ్ళో కొయ్య వెతకాల్సి వచ్చిందని అమ్మ చెప్పింది.

ఆ తరువాతి యేడు వానలు పడ్డాయి. పోయినవాళ్ళలో కొందరు తిరిగి వచ్చారు. వచ్చినవాళ్ళకు తలుపులు కావాలి. నాయన దగ్గరికి వచ్చారు. ఆయన చేయనన్నాడు. ఈసారి ఎవరు అరుగుమీద కూర్చున్నా లేవలేదు. వాళ్ళు పామిడి నుంచి వేరే ఆచారిని తెచ్చుకున్నారు. నాయన అమ్మతోపాటు శెనగ చేలల్లో కలుపుకు పోయాడు. మా వంశంలో అంతకుముందు ఎవరూ కూలికి పోలేదు. వరసలో ఆడవాళ్ళ మధ్య వంగి కలుపు తీస్తున్న ఆయనను నేను ఒకసారి గట్టుమీదినుంచి చూశాను, పలకరించకుండా ఇంటికి పోయి కూర్చున్నాను. మాట కొంత తిరిగి వచ్చింది. ఉప్పు అడిగేవాడు, వాన వస్తుందా రాదా అనేవాడు. కథలు మాత్రం మళ్ళీ చెప్పలేదు. నేను ఊరికి పోయిన ప్రతిసారీ, ఆ రోజు నేను అడగకుండా ఉండాల్సింది నాయనా అని చెప్పాలనుకునేదాన్ని. మూడేళ్ళు అట్లాగే అనుకున్నాను. నాలుగో యేడు జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. నేను చేరేసరికి ఆయన్ను బయట పడుకోబెట్టారు. ఎదురింటి అత్త వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుని అందరికంటే గట్టిగా ఏడ్చింది. నాకు ఆమెను అక్కడినుంచి లేపి పంపేయాలనిపించింది. పంపలేదు.

స్నేహితురాలికి మొగుడు దొరకలేదు. ఏడాదిన్నర కాలువ కింది ఊళ్ళల్లో తిరిగి, తల్లి పోయిన సంగతి ఎవరో చెప్తే నన్ను వెతుక్కుంటూ ఆదోనికి వచ్చింది. పిల్ల బతికింది. జుట్టు మళ్ళీ నల్లబడింది. నా ఇంటి వాకిట్లో నిలబడి ముందు అడిగిన మాట, "మా అమ్మ ఏమన్నా అనెనా?" అని. ఏమీ అనలేదని చెప్పాను. అది నిజమే. చిన్నమ్మ సంగతి నేను అడగలేదు, తనూ ఎత్తలేదు.

మా ఆయన చెప్పి మిల్లులో పత్తి ఏరే పనిలో పెట్టించాడు. మా వీధికి రెండు వీధుల అవతల ఇల్లు తీసుకుంది. పండగలకు ఒకరింటికి ఒకరం పోయేవాళ్ళం, జబ్బు చేస్తే చూసుకునేవాళ్ళం. ఆ రోజు గురించి మాత్రం ఇద్దరం ఒక్క మాట అనుకోలేదు. ఆమె ఎదురుగా కూర్చున్నప్పుడు నాకు ఏదో పని గుర్తొచ్చి లేచేదాన్ని. కాసేపటికి ఆమె కూడా అంతే చేసేది.

ఆ పిల్ల నా దగ్గర బాగా చేరిక. బడి నుంచి నేరుగా మా ఇంటికే వచ్చేది. పదేళ్ళప్పుడు ఒకసారి, ఎండాకాలం సెలవుల్లో బడిలో అందరూ ఊరికి పోతున్నారు, మనం ఎందుకు పోము అని తల్లిని నా ముందే అడిగింది. స్నేహితురాలు బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట నుంచి తల ఎత్తకుండానే, "మనకు ఆడ ఎవురూ లేరు పాపా," అంది. పిల్ల నావైపు తిరిగి, నీకూ ఎవరూ లేరా అత్తా అని అడిగింది. అప్పటికి అమ్మ ఇంకా ఆ ఊళ్ళోనే ఉంది. అయినా లేరనే చెప్పాను.